నేను దాచుకున్న చెడ్డపని

1. పొద్దు పొడవడానికి పన్నెండు రోజులు

ఇవాళ పదకొండు సూట్లు దులిపాను. పదకొండూ పెళ్లికొడుకుల్లా తళతళలాడుతూ వెళ్లి కొక్కేలకు వేలాడుతున్నాయి. మనసు నిండిపోయింది.

పనిచేసే ప్రతివాళ్లూ సొంత చేత్తో పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకోవాలని మా మేస్త్రి సింహాద్రి రూలు పెట్టాడు. యంత్రాలు అన్నీ రాసుకుంటూనే ఉన్నాయి కదా, మళ్లీ మేమెందుకని అడిగాం. యంత్రం జరిగింది రాస్తుంది, మీకేం అనిపించిందో రాయదు అన్నాడు. ఎవరి పుస్తకం ఇంకొకరు చదవకూడదని కూడా మాటిచ్చాడు. నేను చదివింది అయిదో తరగతి. పేరు చెన్నకేశవులు. వయసు అరవై ఆరు. ఉండేది చంద్రుడి మీద. ఈ ముక్క రాసినప్పుడల్లా ఒకసారి ఆగి, నిజమేనా అని చుట్టూ చూసుకుంటాను. నిజమే.

నా పని సూట్ల గదిలో. బయట తిరిగొచ్చినవాళ్ల సూట్లకు ఇక్కడి దుమ్ము అంటుకుని వస్తుంది. మధ్యలో గాజు గోడ ఉంటుంది. గోడకు రెండు చిల్లులు, వాటికి భుజాల దాకా వచ్చే రబ్బరు తొడుగులు. నేను ఇవతల నిలబడి చేతులు అవతలికి దూర్చి కుంచెతో దులుపుతాను. రాలిన దుమ్మును గొట్టం గుటుక్కున మింగేస్తుంది. దీపావళి మర్నాడు వీధిలో వచ్చే వాసనలా ఉంటుందట ఆ దుమ్ము. నేను చూడలేదు. నా ముక్కు దాకా రానివ్వరు. నా జన్మలో దుమ్ము నన్ను చూసి అవతలే నిలబడిపోవడం ఇదే మొదలు.

ఇదంతా మా అమ్మాయి లాస్య పుణ్యం. రాతి సొరంగంలో అందరూ కూర్చుని తినడానికి, పాడుకోవడానికి పెద్ద చావిడి కడుతోంది. కట్టడమంతా తన పెత్తనమే. ఇంటివాళ్లలో ఒక్కరిని, ఏదో ఒక పని చేస్తామంటే, తెచ్చుకోవచ్చన్నారు. తను నన్ను తెచ్చుకుంది. ఇక్కడ ఒంటి బరువు ఆరింట ఒక వంతు. కింద భూమి మీదుంటే రెండు మెట్లెక్కి ఆయాసపడేవాణ్ని, ఇక్కడ నిండు నీళ్ల డ్రమ్ము ఒంటిచేత్తో ఎత్తుకెళ్తుంటే లాస్య నన్ను చూసి పొట్ట పట్టుకుని నవ్వుతుంది.

2. తొమ్మిది రోజులు

ఇవాళ చావిడి లోపలికి వెళ్లాను. బల్లలు మోయడానికి మనుషులు చాలక నాకూ సూటు తొడిగారు. లోపల ఇంకా గాలి నింపలేదు. గోడలు నల్లరాయి. నడినెత్తిన బావి గట్టంత గుండ్రటి కంత, దానికి మందపాటి గాజు మూత. పొద్దు పొడిచిన నాలుగో రోజున ఎండ సరిగ్గా ఆ మూతలోంచి లోపలికి దిగుతుందట. ఆ తొలి ఎండ నేలను తాకినప్పుడే చావిడి తెరవాలని అందరూ ముహూర్తం పెట్టుకున్నారు. అరవై మూడు మందిమీ ఆ ఎండలో కూర్చుని ముద్ద తింటాం. పదినాళ్లుగా ఇక్కడ ఇదే మాట.

రాయి కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. మూత చుట్టూ ఉన్న రాయిని, అక్కడున్న నిచ్చెన ఎక్కి, నడుముకు వేలాడే కుంచె పిడితో కొట్టాను. గాలి లేదు కదా, ఏమీ వినిపించలేదు. ఏదో తోచి తల టోపీని రాయికి ఆనించి మళ్లీ కొట్టాను.

ఏం చెప్పను. ఖణేల్‌మని చెవిలోకి గంటలా దిగింది. లోకమంతా నిశ్శబ్దం, ఆ ఒక్క రాయి మాత్రం నాతో మాట్లాడింది. కోట్ల ఏళ్లుగా ఎవరూ తట్టని రాయి, తట్టగానే పలికింది. నిచ్చెన దిగేసరికి కళ్లు తడి. టోపీలో కళ్లు తుడుచుకోలేం, అదొక్కటే ఇక్కడ కష్టం.

సాయంత్రం రాయిని పరీక్షించే యంత్రం కూడా పని ముగించింది. మూత చుట్టూ రాయి గట్టిదని చెప్పింది. నేనూ యంత్రమూ ఒకే మాట మీద ఉన్నాం.

3. ఆరు రోజులు

ఇక్కడ నెలకు ఒక్కటే పొద్దు. పధ్నాలుగు రోజులు చీకటి, పధ్నాలుగు రోజులు ఎండ. పొద్దు పొడిచినప్పుడు అందరం కలిసి కూర్చుని, జన్మలో కూలికి చేసిన పనుల్లో అన్నిటికంటే చెడ్డపని ఏదో చెప్పుకోవడం ఇక్కడి ఆచారం. ఎవరి పనికి పళ్లేల మీద గరిటెలు ఎక్కువ మోగితే వాళ్లకు కిటికీ కుర్చీ. మొత్తం ఇంత చోటుకూ ఉన్నది ఒకే కిటికీ, దాని ముందు ఒకే కుర్చీ. గెలిచినవాళ్లు అరగంట కూర్చుని భూమిని చూసుకోవచ్చు. మిగతావాళ్లకు తెర మీద బొమ్మే.

సింహాద్రి రోహిణి కార్తెలో బట్టల కొట్టు ముందు ఎలుగుబంటి వేషం వేసి గెంతేవాడట. లోపల తనకు ముందు చేసినవాడి చెమట కంపు. ఒక పిల్లాడు రోజూ వచ్చి అదే చోట పొట్టలో గుద్దిపోయేవాడట. వంటగది పైడితల్లి రొయ్యల ఫ్యాక్టరీలో మంచు మీద రొయ్యలు ఒలిచి ఒలిచి, ఇంటికెళ్తే వేళ్లు అన్నం కూడా కలపలేకపోయేవట, కూతురే ముద్దలు పెట్టేదట. మా డాక్టరమ్మ నస్రీన్ చదువుకునే రోజుల్లో యంత్రాలకు ఏడుపంటే ఏమిటో నేర్పడానికి రోజుకు ఆరుగంటలు మైకు ముందు ఏడ్చే పని చేసింది. అది మానేసిన రెండేళ్లకు వాళ్లమ్మ పోతే ఏడుపు రాలేదని నెమ్మదిగా చెప్పింది. పళ్లేలు మోగించడం మర్చిపోయి, గుర్తొచ్చాక సొట్టలు పోయేట్టు మోగించాం.

నేను మాత్రం ఏడుసార్లూ టిఫిన్ హోటల్లో సర్వర్ పని చెప్పాను. "అది సెడ్డపనేటి పెద్దాయనా, మూడు పూట్లా ఇడ్లీ దొరికీది కదా," అంటాడు సింహాద్రి. పైడితల్లి జాలిపడి ఒక్క దెబ్బ కొడుతుంది. అంతే.

ఎవరూ చదవని పుస్తకం కాబట్టి రాస్తున్నాను. నా చెడ్డపని హోటల్ కాదు. పదమూడో ఏట నుంచి ఇరవై రెండో ఏట దాకా మార్కాపురం పక్కన పలకల గనిలో చేశాను. బండలోంచి పొరలు తీసి, పిల్లలు అక్షరాలు దిద్దుకునే పలకలు కోసేవాళ్లం. కోత మిషను దగ్గర తెల్లారి నల్ల జుట్టుతో కూర్చుంటే పొద్దుగూకేసరికి ముసలివాళ్లమయ్యేవాళ్లం, అంత దుమ్ము. ముఖానికి తువ్వాలే దిక్కు. మా అన్న రామనయ్య నాకు పని నేర్పాడు. ముప్పై దాటకుండానే దగ్గి దగ్గి పోయాడు. ఆ మర్నాడే హోటల్లో చేరాను. గని మాట మళ్లీ ఎత్తలేదు, లాస్య అప్పటికి పుట్టలేదు.

ఇక్కడికి వచ్చేముందు లాస్య కాగితం నింపుతూ, నాన్నా, ఎప్పుడైనా రాతి దుమ్ములో పని చేశావా అని అడిగింది. లేదమ్మా అన్నాను. ఊపిరితిత్తుల ఫోటోలో మచ్చలు కనిపిస్తే చిన్నప్పుడు క్షయ వచ్చి తగ్గిందన్నాను. రాతి దుమ్ము తిన్నవాళ్లను ఇక్కడ ఉండనివ్వరు. తెలిస్తే వచ్చే ఓడలోనే దించేస్తారు. తెలియకూడదు. లాస్య పక్కన ఇంకో రెండేళ్లు, ఇంకో ఏడాది అయినా ఉండాలి.

4. పొద్దు పొడిచిన రోజు

ఇవాళ సూట్లు వెచ్చగా వచ్చాయి!

పధ్నాలుగు రోజులుగా రబ్బరు తొడుగుల్లోంచి కూడా చలి కుట్టేది. ఇవాళ మొదటి సూటు మీద చెయ్యి వేయగానే, అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెలా తగిలింది. బయట సూర్యుడు వచ్చాడని నాకు చేతులతో తెలిసింది. సూటును కాసేపు వదలబుద్ధి కాలేదు. ఇంకా సూటు లోపలే ఉన్న అబ్బాయి, తాతా, దులుపుతావా, కావలించుకుంటావా అన్నాడు.

చావిడి పనులు మిగిలిపోవడంతో చెడ్డపనులు చెప్పుకోవడం ఈసారి మూడో రోజుకు జరిపారు.

5. రెండో రోజు

చివరి బల్లలు మోయడానికి మళ్లీ చావిడికి వెళ్లాను. మళ్లీ నిచ్చెన ఎక్కాను. నాకు ఆ గంట ఇంకోసారి వినాలని ఆశ.

అదే రాయి. అదే కుంచె పిడి. టోపీ ఆనించి కొట్టాను. గంట లేదు. తడిసిన కుండ మీద కొట్టినట్టు మొద్దుగా పలికింది. అటు జానెడు జరిగి కొట్టాను, ఖణేల్. ఇటు జానెడు, ఖణేల్. మధ్యలో మాత్రం, మూత అంచును మోస్తున్న చోట, మొద్దు.

అన్న మాట చెవిలో వినపడింది. చలి పొద్దున తట్టిన రాయిని నమ్మబాకరా, ఎండెక్కినాక మళ్లీ అడుగు. రాత్రంతా బిగుసుకున్న పొర గట్టిగానే పలుకుతుంది. ఎండ తగిలాక పైపొర ఉబ్బి, లోపొరను విడిచి మాట మారుస్తుంది. యంత్రం చూసింది చీకటి రోజుల్లో. నేను తట్టిందీ అప్పుడే. ఇద్దరమూ చలికాలపు మాటే నమ్మాం.

లాస్య దగ్గరికి పరుగెత్తాను. రెండు రాత్రుళ్లుగా నిద్రలేక దాని కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఓపిగ్గానే విన్నది. యంత్రం లెక్క చూపించింది. మళ్లీ పరీక్షించాలంటే ఒక రోజంతా పడుతుందని, ముహూర్తం తప్పుతుందని, ఈ నెలకు ఎండ మళ్లీ అలా దిగదని, కింద నుంచి ఎంతమందో చూస్తున్నారని చెప్పింది. చివరికి అడిగింది.

"నాన్నా, రాయి తడితే నీకెలా తెలుస్తుంది?"

"హోటల్లో దోసె పెనాన్ని అలాగే తట్టి చూసేవాళ్లం. పగులుంటే తెలిసిపోతుంది," అన్నాను.

అది నవ్వి నా గడ్డం పట్టుకుంది. "పెనం మాట విని అరవై మూడు మందిని ఆపనా?"

తప్పు దానిది కాదు. నేను ఇచ్చిన సాక్ష్యం అలాంటిది.

6. మూడో రోజు

అన్నం సయించలేదు. రాయి కదిలిందంటే గాజు మూత నిలవదు. మూత పోతే చావిడిలో గాలి ఒక్క ఊపులో బయటికి పోతుంది. ముందు వరసలో, మూత కింద, లాస్య నిలబడుతుంది. తొలి ఎండ తన మీద పడాలని అందరూ కలిసి అనుకున్నారు.

చెప్పాల్సింది తెలుసు. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. కుంచె కడుగుతూ ఆ గాజు గోడను, రబ్బరు చేతులను, కొక్కేల మీద సూట్లను చూసుకున్నాను. ఇంత మంచి పని నాకు ఇంకెక్కడ దొరుకుతుంది.

మధ్యాహ్నం అందరం పళ్లేలు ముందు పెట్టుకుని కూర్చున్నాం. సింహాద్రి నా వంక చూసి, "పెద్దాయనా, ఇడ్లీ కథ ఒద్దు, ఇయాల నవ్వే ఓపిక నేదు," అన్నాడు. అందరూ నవ్వారు. నేను లేచి నిలబడ్డాను.

గని చెప్పాను. కోత మిషను, తువ్వాలు, జుట్టు చెప్పాను. అన్న పేరు నలభై ఏళ్ల తర్వాత నలుగురిలో పలికాను. పొర ఎలా తీస్తారో, ఎండెక్కాక రాయి మాట ఎలా మారుస్తుందో చెప్పాను. నిన్న మూత దగ్గర విన్నది చెప్పాను. కాగితంలో అబద్ధం రాయించానని, క్షయ కూడా అబద్ధమేనని డాక్టరమ్మ ముఖం చూసి చెప్పాను. లాస్య ముఖం వైపు చూడలేకపోయాను.

"పెనం కాదమ్మా. తొమ్మిదేళ్లు రోజుకు రెండు మూడొందల పలకలు తట్టాను. నా చెవి తప్పయితే నన్ను చూసి నవ్వండి. రేపటికి మాత్రం చావిడి తెరవొద్దు."

ఎవరూ గరిటె ఎత్తలేదు. సింహాద్రి లాస్య వంక చూశాడు. లాస్య అప్పటికే లేచింది. పళ్లెం అలాగే వదిలి, యంత్రాన్ని మళ్లీ చావిడిలోకి పంపమని చెబుతూ వెళ్లిపోయింది. నా పక్కనుంచే వెళ్లింది. నాతో మాట్లాడలేదు.

7. నాలుగో రోజు

ముహూర్తం దాటిపోయింది. తొలి ఎండ ఖాళీ చావిడిలో, మనుషులు లేని బల్లల మీద పడింది. తెర మీద చూశాం. పసుపు ముద్ద లాంటి వెలుగు. అంత అందమైన ఎండను నేనే చెడగొట్టానా అని దిగులేసింది.

యంత్రం సాయంత్రానికి తేల్చింది. మూత అంచు కింద రెండు రోజుల్లో పాకి పాకి బారెడు పొడవున లోపొర విడిచింది, మధ్యలో వేలు దూరేంత సందు. యంత్రపు చెయ్యి కాస్త లాగగానే ఆ పొర పలక ఊడినట్టే ఊడి, ఇక్కడి పద్ధతిలో మెల్లగా, తీరుబడిగా కిందికి దిగింది. సరిగ్గా ముందు వరస బల్ల మీదికి. చప్పుడు లేకుండా బల్ల రెండు ముక్కలైంది.

మొదట పైడితల్లే కదిలింది. "ఒరే, బాబాయికి నిన్న పళ్లేలు మోగించనేదురా," అంది. గరిటె అందుకుంది. ఆ మోత రాయడం నా చేతకాదు. అరవై రెండు పళ్లేలు. అన్న కోసం కూడా మోగినట్టనిపించింది నాకు. కింద ఎవరూ అతనికి అంత చప్పుడు చేయలేదు.

తర్వాత డాక్టరమ్మ పిలిచింది. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి చెప్పింది. ఇవాళ్టి నుంచి సూట్ల గదిలోకి వెళ్లకూడదు. ముప్పై రోజుల్లో వచ్చే ఓడలో దిగాలి. ప్రాణాలు కాపాడినందుకు రూలు మారదు. నేను తల ఊపాను.

"కేశవులు గారూ, ఇది శిక్ష కాదు. గాజు ఎంత మందమైనా ఇక్కడి దుమ్ము ఎప్పుడో ఒకప్పుడు లోపలికొస్తుంది. ఈ రూలు రాసిందే మీ ఊపిరితిత్తుల కోసం."

ఆ మాట పట్టుకుని గదికొచ్చాను. ఎంత తలుచుకున్నా ఆశ్చర్యం తీరడం లేదు. గనిలో తొమ్మిదేళ్లలో, నీ రొమ్ము ఎలా ఉందిరా అని అడిగినవాడు లేడు. ఇక్కడ నా ముఖం చూడనివాళ్లెవరో నా ఊపిరి గురించి ఆలోచించి, నేను పుట్టానని కూడా తెలియకుండా నా కోసం రూలు రాసిపెట్టారు. చెడ్డపని అంటే కష్టమైన పని అనుకునేవాణ్ని. కష్టం ఇక్కడా ఉంది. నువ్వు ఉన్నావో పోయావో ఎవరికీ పట్టనిది చెడ్డపని. నన్ను దించేస్తున్న ఈ పనే నేను చేసిన వాటిలో మంచిది. రాస్తుంటే నవ్వొస్తోంది, కన్నీళ్లూ వస్తున్నాయి.

8. ఆరో రోజు

ఈ ముప్పై రోజులూ నాకొక పని ఇచ్చారు. గాలి సీసాతో సూటు తొడిగి చావిడికి తీసుకెళ్తారు, దుమ్ము దులిపి ఇవ్వడం ఇంకొకరి పని. నేను అయిదుగురికి రాయి వినడం నేర్పాలి. మొదటి పేరు లాస్య తనే రాసుకుంది.

ఇవాళ నిచ్చెన మీద తన టోపీని రాయికి ఆనించి కొట్టమన్నాను. కొట్టింది. గాజు లోపల ముఖం ఒక్కసారి చిన్నపిల్ల ముఖమైపోయింది. వినపడిందా అని అడిగే పనే లేకపోయింది. పదమూడేళ్లప్పుడు మా అన్న నా ముఖంలో చూసింది ఇదే అయ్యుంటుంది.

సాయంత్రం నా కిటికీ కుర్చీ. ఒకరికే అయినా సింహాద్రి ఇంకో స్టూలు తెచ్చి వేసి, అటు తిరిగి నిలబడ్డాడు.

భూమిని చూశాను. సగం వెలుగు, సగం చీకటి. అంత నీలం నేను ఏ బట్టలోనూ చూడలేదు. కటిక నల్లటి ఆకాశంలో దీపం లేకుండా, దారం లేకుండా నిలబడి ఉంది. ఎవరో ఊదితే కదిలిపోతుందేమో అన్నంత మెత్తగా ఉంది. ఊరు ఎక్కడుందో వెతికాను. మబ్బు కప్పింది. ఆ మబ్బు కిందే గని ఉంది, అన్న ఉన్నాడు, నేను తట్టిన పలకల మీద అక్షరాలు దిద్దుకున్న పిల్లలు ఉన్నారు. ముప్పై రోజుల్లో నేనూ అక్కడే ఉంటాను. అప్పుడు తలెత్తి చూస్తే ఈ చంద్రుడు కనిపిస్తాడు. చావిడి ఏ మూలనుందో నాకు తెలుసు, చూపుడువేలితో చూపించగలను.

లాస్య మూడు రోజుల తర్వాత నోరు విప్పింది. "నాకు ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"నీ పలక మీద ఆ దుమ్ము పడకూడదని," అన్నాను.

అది స్టూలు మీద కూర్చోబోతూ ఆగింది. కిటికీ పక్క రాతిగోడ మీద వేలి ముడితో రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని విన్నది.

"ఇది మంచి రాయి నాన్నా."

"ఎండెక్కినాక మళ్లీ అడుగు," అన్నాను.